నల్ల పెట్టెలో కాగితాలు ఉన్నాయా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో గల్ఫ్ సంగతి అడిగితే చెప్పడానికి వాడకు పది మంది దొరుకుతారు. ఏ కంపెనీ వీసా మంచిది, ఏ ఏజెంటును నమ్మకూడదు, అక్కడ మనిషికి ఏదైనా అయితే ఎవరిని పట్టుకోవాలి... అన్నీ నోటికి వచ్చు. మిలటరీ ఇల్లు అలా కాదు. ఊరికి ఒకటో రెండో. 'మిలటరీ ఆయన' బతికున్నన్నాళ్లూ పింఛను కాగితాలు, క్యాంటీన్ కార్డు ఆయనే చూసుకుంటాడు. ఆయన పోయాక ఆ ఇంటి ఆడమనిషికి దారి చెప్పేవాళ్లు ఉండరు. అటక మీద నల్ల రంగు ట్రంకు పెట్టె ఉంటుంది. దాని మీద తెల్లటి అక్షరాలతో ఆయన పేరు, ఆర్మీ నంబరు. లోపల ఏముందో ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

ముఖ్యంగా ఉండాల్సినవి రెండు. ఒకటి డిశ్చార్జి బుక్కు. రెండోది పింఛను చెల్లింపు ఉత్తర్వు, అందరూ పీపీవో అంటారు. ఈ రెండింట్లో భార్య పేరు ఉందా? ఉంటే ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉందా? మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే ఈ ఆదివారం చేయాల్సిన పని ఈ ఒక్కటే. మిగతా పథకాల సంగతి తర్వాత.

ఎందుకంటే చిక్కంతా అక్కడే వస్తుంది. ఉదాహరణకు లింగంపేట వైపు ఒక లచ్చవ్వ ఉందనుకుందాం. పుట్టింట్లో పెట్టిన పేరు లక్ష్మి. భర్త సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లి, యూనిట్‌లో ఆ సంగతి రాయించాడు. అక్కడి క్లర్కుకు మన ఇంటి పేర్లు, మన 'అవ్వ'లు ఏం తెలుస్తాయి? 'లక్ష్మీ బాయి' అని రాసుకున్నాడు. ఓటరు కార్డులో లచ్చవ్వ, ఆధార్‌లో ఇంటి పేరుతో కలిపి లచ్చవ్వ, బ్యాంకులో లక్ష్మి. భర్త పోయిన తర్వాత కౌంటర్ దగ్గర నిలబడితే మొదటి ప్రశ్న: "అమ్మా, ఈ లక్ష్మీ బాయి ఎవరు?"

"నేనే సార్. పెండ్లయినంక అత్తగారోళ్లు లచ్చవ్వ అని పిలిచిన్రు."

ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ నిజానికి సాక్ష్యం చెప్పాల్సిన మనిషి ఇప్పుడు లేడు. అతను బతికుండగా అయితే ఒక అఫిడవిట్, ఇద్దరి ఆధార్ నకళ్లు, కలిసి దిగిన ఫొటో, డిశ్చార్జి బుక్కు నకలు జతచేసి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకు పంపితే సరిదిద్దుతారు. ఎవరి రికార్డ్ ఆఫీసు వారిది. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్డులో, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్లకు మాత్రం మన సికింద్రాబాదే. ఉత్తరాలు అటూ ఇటూ తిరగడానికి నెలలు పడుతుంది. అది భర్త బతికుండగా గడిచే నెలలా, ఆయన పోయాక పింఛను ఆగిపోయి గడిచే నెలలా అన్నదే తేడా.

పిల్లల పుట్టిన తేదీలకూ ఇదే వర్తిస్తుంది. బడిలో అయ్యవారు అందాజాగా వేసిన తేదీ ఒకటి, సైన్యం రికార్డులో ఒకటి ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతారు.

ఇంతకీ ఆ పేరు సరిగ్గా ఉంటే వచ్చేదేమిటి? సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. రిటైరై వచ్చాక చనిపోతే మొదటి ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండాల్సిన తేదీ వరకు, ఏది ముందైతే అప్పటిదాకా, ఎక్కువ రేటు ఇస్తారు. సర్వీసులో ఉండగా చనిపోతే పదేళ్లపాటు 50 శాతం. ఇందుకు కనీసం ఏడేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు 2019 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. మరణానికి సైనిక సేవే కారణమైతే 60 శాతం, శత్రువుతోనో ఉగ్రవాదులతోనో పోరులో అమరుడైతే పూర్తి జీతం. 2016లో కనీస పింఛను నెలకు 9,000 రూపాయలని నిర్ణయించారు. కరువు భత్యం దానికి అదనం. పక్కనే ఇంకో లెక్క చూడండి. తెలంగాణలో వితంతువులకు ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలు చేశారు. సైనికుడి భార్య తనకు రావాల్సింది తెలియక ఆ 2,016తోనే సరిపెట్టుకుంటుంటే, నెలనెలా ఎంత వదులుకుంటున్నట్టు?

భార్య కూడా లేకపోతే పింఛను పిల్లలకు 25 ఏళ్ల వరకు వెళ్తుంది. పెళ్లికాని, భర్త చనిపోయిన, విడాకులు పొందిన కూతుళ్లకు ఆ వయసు పరిమితి లేదు. ఆదాయ షరతు మాత్రం ఉంటుంది. పుట్టింటికి చేరిన ఆడబిడ్డల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు అరుదు.

యుద్ధంలో పోయినవారి ఇంటికి ప్రభుత్వమే నడిచి వస్తుంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో మన పక్కనే వేల్పూర్ మండలం కోమన్‌పల్లి జవాను ర్యాడ మహేశ్ కశ్మీర్‌లో మచిల్ దగ్గర నేలకొరిగితే 50 లక్షలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. ఇవ్వాల్సిందే, ఎవరూ కాదనరు. పదిహేను, ఇరవై ఏళ్లు సరిహద్దులో కాపలా కాసి, ఇంటికొచ్చి, డెబ్బయ్యో ఏట మంచంలో కన్నుమూసిన హవల్దారు ఇంటికి మాత్రం ఎవరూ రారు. ఆ ఇంటివాళ్లే వెళ్లి అడగాలి.

పింఛనే లేని మాజీ సైనికులూ ఉన్నారు. కొన్నేళ్లు పనిచేసి, పింఛనుకు కావాల్సిన పదిహేనేళ్లు నిండకుండానే డిశ్చార్జి అయినవారు. హవల్దారు స్థాయి వరకు పనిచేసి, 65 ఏళ్లు దాటిన అలాంటి వారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది. 2025 అక్టోబర్‌లో రక్షణ శాఖ దాన్ని 8,000 చేసింది. నవంబర్ 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు కొత్త రేటు. అదే ఉత్తర్వులో ఇద్దరు పిల్లల వరకు చదువు సాయాన్ని నెలకు 1,000 నుంచి 2,000కు పెంచారు. ఇది ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా వస్తుంది. ఇద్దరు కూతుళ్ల వరకు పెళ్లి సాయం 50 వేల నుంచి లక్ష రూపాయలైంది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ లక్ష వస్తుంది. ఇవి కూడా హవల్దారు స్థాయి వరకే. ఈ డబ్బు ఏటా డిసెంబర్ 7న మనం చొక్కాకు చిన్న జెండా గుచ్చుకుని వేసే పతాక నిధి నుంచే వస్తుంది. 1949 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. బడిలో రూపాయి వేసి జెండా తీసుకున్న వాళ్లలో ఆ రూపాయి ఎక్కడికి పోయిందో ఎందరికి తెలుసు?

ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి విద్యా కోర్సుల్లో చేరిన పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరు. ఏటా 5,500 మందికి ఇస్తారు. 2019 నుంచి అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఇంటర్‌లో 60 శాతం మార్కులు రావాలి. కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా సంగతి ర్యాంకు వచ్చాక గుర్తొస్తే పరుగులే. తండ్రి డిశ్చార్జి బుక్కు ముందే సిద్ధంగా ఉండాలి.

మన దగ్గర మరో పెద్ద విషయం భూమి. మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వం ఇచ్చిన భూమి మామూలు అసైన్డ్ భూమిలాంటిది కాదు. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. మాజీ సైనికులు మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లో ఉత్తర్వు వచ్చింది. పట్టా ఏ కోటాలో వచ్చిందో చూపే కాగితం పోతే ఈ తేడాను రుజువు చేయడం కష్టం. ఆయన పోయిన తర్వాత విరాసత్ చేయించడం కూడా మర్చిపోకండి.

ఇక ఎక్కడికెళ్లాలి? 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా అయింది. కలెక్టర్ వచ్చారు, ఎస్పీ వచ్చారు. సైనిక కుటుంబాలకు మాత్రం ఇప్పటికీ నిజామాబాద్‌లోని ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయమే దిక్కు. ఎల్లారెడ్డి, గాంధారి వైపు నుంచి వెళ్లే పెద్దావిడకు ఒక్క సంతకం కోసం ఒక రోజు పోయినట్టే. ఆ కార్యాలయం వాళ్లు నెలకోసారి కామారెడ్డిలో, రెండు నెలలకోసారైనా ఎల్లారెడ్డిలో కూర్చుంటే ఖజానాకు పోయేదేమీ లేదు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఈ ఒక్క కోరికతో నలుగురు మాజీ సైనికులు కలిసి అర్జీ పెట్టవచ్చు.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వాళ్లే పెట్టగలరు. మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. అసలు కాగితాలు పట్టుకుని నిజామాబాద్ వెళ్లాలి. పింఛనుదారులు ఏటా లైఫ్ సర్టిఫికెట్ 'స్పర్శ్' విధానంలో ఇవ్వాలి. లేకుంటే డబ్బు ఆగుతుంది. కూతురి పెళ్లి సాయానికి గడువు ఉంది. పెళ్లైన 180 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఈ మాఘంలో పెళ్లి చేసినవాళ్లు ఇప్పటి నుంచే రోజులు లెక్కపెట్టుకోండి.