జీవం దొరికితే దేవుడు ఓడడు

124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి గ్రహంపై జీవం ఆనవాళ్లు ఉండొచ్చని ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇతర శాస్త్రవేత్తలు ఆ బృందం లెక్కలను తిరిగి పరిశీలించి సందేహాలు లేవనెత్తారు. రుజువయ్యేదాకా ఆగాల్సిందే. అయితే రుజువైతే, భూమిపైనే జీవం ఉందన్న నమ్మకం కూలి దేవుడు ఓడిపోతాడా? 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టిన తత్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ మతానికి అనుభూతిని పునాదిగా చూపారు. భూమి ఒక్కటే జీవనిలయమన్న నమ్మకంతో ఆ పునాదికి పనిలేదు. పద్నాలుగు లోకాల సంగతి పురాణాలు ముందే చెప్పాయనేవారున్నారు. అది విశ్వాసమే గానీ సాక్ష్యం కాదు. ఏ ఫలితం వచ్చినా సర్దుకుపోయే మతానికి విలువేమిటని హేతువాదులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మతం విలువ తేలేది గ్రహాల లెక్కలో కాదు, మనిషి నడతలో. అందుకే రాధాకృష్ణన్ సొంతగడ్డ తిరుత్తణి, తిరువళ్లూరు బడుల్లో ఈ కె2-18బి పరిశోధనను సందేహాలతో సహా పిల్లలకు చెప్పాలి.