లాగితే బొమ్మ వస్తుంది, పటం కదలదు

ఈ పర్యాయం చెప్పబోయే విషయం చూడటానికి అల్పమైనదే. బ్రౌజరు తెర మీద మనం కోరకపోయినా ఒక బొమ్మ మౌసు వెంట లేచి రావడం గురించి వ్రాస్తున్నాను. అల్పమనుకునే ఇన్నాళ్ళూ నేనూ దానిని పట్టించుకోలేదు.

శ్రీ విజయపురంలోని మా కార్యాలయంలో ఫిర్యాదుల పని చూసే సోదరి ఒకరు మూడు నెలల కాలంలో రెండు మౌసులు మార్పించుకున్నారు. (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని వ్యవహరించిన పట్టణమే ఇది. పాత పేరు పలికితేనే మాలో చాలామందికి ఇల్లు చేరినట్లుంటుంది.) ఆమె పని చేసే పేజీలో దీవుల పటం ఒకటి ఉన్నది. ఫిర్యాదు ఏ ఊరి నుండి వచ్చిందో ఆ ఊరు కనపడేదాకా పటాన్ని మౌసుతో పట్టి జరిపి, అక్కడ ఒక నొక్కు నొక్కితే గుర్తు పడుతుంది. అయితే ఆమె లాగినప్పుడు ఒక్కొక్కమారు పటం జరగదు. పటంలోని ఒక చదరపు ముక్క మాత్రం పలుచని నీడవలె బాణం గుర్తు వెంట వస్తుంది. మీట వదిలితే నీడ మాయమవుతుంది. ఆ తరువాత ఏ మీటా నొక్కకపోయినా పటం దానంతటదే బాణాన్ని అంటిపెట్టుకొని తిరగనారంభిస్తుంది.

"మౌస్ మళ్ళీ చెడిపోయినట్టుందండీ" అన్నారామె మొదట. రెండవది కూడా మార్చిన తరువాత, "నాకే చేయి తిరగడం లేదేమోనండీ, వయసు వచ్చింది కదా" అన్నారు. ఈ రెండవ మాట నన్ను బాధించింది.

ఒకనాడు క్యాంప్‌బెల్ బే ఫిర్యాదుకు గుర్తు వేరొక దీవి మీద పడింది. సామాను జాబితా ఓడకు పంపే ముందు పెద్దాయన ఒకరు కాగితం చూసి ఆపారు కనుక సరిపోయింది. భూభాగంలో అయితే తప్పు చిరునామాకు వెళ్ళిన బండి సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఇక్కడ ఓడ తప్పితే మళ్ళీ ఓడ వచ్చేదాకా ఎదురుచూడటమే.

మన దీవుల నైసర్గిక స్వరూపం వల్ల ఈ చిక్కు ఇంకా పెద్దదవుతుంది. ఉత్తరాన దిగ్లీపూర్ నుండి దక్షిణాన క్యాంప్‌బెల్ బే వరకు ఆరు అక్షాంశ డిగ్రీలకు పైగా దూరం. వెడల్పు బహు స్వల్పం. అన్నీ ఒకే తెరలో పట్టేటట్లు పటాన్ని చిన్నది చేస్తే ఊళ్ళు చీమల బారుగా కనపడతాయి. ఊరి పేరు చదవగలిగినంత పెద్దది చేస్తే పై నుండి క్రిందికి లాగక తప్పదు. అండమాన్‌లను, నికోబార్‌లను వేరుచేసే పది డిగ్రీల జలసంధి ఒక్కటే సుమారు 150 కిలోమీటర్లు. అది దాటేటప్పుడు తెర మీద నీలిరంగు తప్ప మరేమీ ఉండదు. అటువంటి చోట పటం చేయి జారితే ఎక్కడున్నామో చెప్పడానికి ఒక్క గట్టు కూడా కనపడదు.

ఇంతకూ ఆ నీడ ఎక్కడిది? అది చెడిపోయిన మౌసు చేసే పని కాదు, బ్రౌజరు చేసే మర్యాద. వెబ్ పేజీలో బొమ్మను చేర్చే ట్యాగును మార్క్ ఆండ్రీసెన్ 1993లో ప్రతిపాదించారు. లాగి వదలే సదుపాయాన్ని పేజీల రచయితలకు మైక్రోసాఫ్ట్ సంస్థ 1999లో తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5వ వెర్షనుతో అందించింది. తరువాత హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణం ఆ పద్ధతినే స్వీకరించింది. ఆ ప్రమాణం ప్రకారం బొమ్మలు, లింకులు రెండూ ఎవరూ చెప్పకుండానే లాగదగినవి. మామూలు అక్షరాలైతే ముందుగా ఎంచుకుంటే గాని కదలవు. బొమ్మను పట్టి లాగిన మనిషి దానిని డెస్క్‌టాప్ మీదనో, ఉత్తరంలోనో పెట్టుకోదలచాడని బ్రౌజరు భావిస్తుంది. సామాన్యంగా ఆ భావన సరియైనదే. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా మనకు ఉపగ్రహమే ఆధారం. శ్రీకాకుళం నుండి బంధువులు పంపిన పెళ్ళి ఫొటో ఒక్కొక్క గీతగా దిగివచ్చేది. దిగిన వెంటనే దానిని లాగి డెస్క్‌టాప్ మీద పడవేసుకుంటే గాని ప్రాణం కుదుటపడేది కాదు. ఆ సదుపాయాన్ని నేను నిందించలేను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అదే లాగుడును పేజీ కూడా తన పనికి కోరుకున్నది. మా పటం చిన్న చిన్న చదరపు బొమ్మలను పలకలవలె ప్రక్క ప్రక్కన పేర్చినది. మీట నొక్కగానే "లాగుడు మొదలైంది" అని పేజీ గుర్తు పెట్టుకుంటుంది. బాణం కొద్దిగా జరగగానే బ్రౌజరు ఇది బొమ్మను తీసుకుపోవడమని నిశ్చయించి పగ్గాలు తన చేతిలోకి తీసుకుంటుంది. అప్పటి నుండి మౌసు కదలికల వార్తలు పేజీకి రావు. మీట వదిలిన వార్త కూడా రాదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఓడ జెట్టీ వదలి వెళ్ళిపోయిందని ఎవరూ చెప్పకపోతే తాడు పట్టుకున్న మనిషి పట్టుకునే నిలబడతాడు. పేజీ కూడా అట్లే లాగుడు ఇంకా సాగుతున్నదనే అనుకుంటుంది. అందువల్లనే తరువాత బాణం ఎటు పోతే పటం అటు పోయింది. మా సోదరి సరియైన చోటనే నొక్కబోయారు. ఆ లోపున ఊరే ఆమె వ్రేలి క్రింద నుండి జరిగిపోయింది.

మందు చిన్నదే గాని వేయవలసిన చోటు తెలియాలి. బొమ్మ ట్యాగులో 'డ్రాగబుల్' అనే గుణానికి 'ఫాల్స్' అనే విలువ ఇవ్వవలెను. గుణం పేరు మాత్రం వ్రాసి ఊరుకుంటే ఫలితం లేదు. విలువ లేని ఆ పేరును లెక్కించక బ్రౌజరు తన అలవాటుకే పోతుంది, బొమ్మ విషయంలో ఆ అలవాటు లాగడమే. మా పేజీని వ్రాసిన యువకుడు సరిగ్గా ఈ పొరపాటే చేసి, "పెట్టాను సార్, పని చేయలేదు" అన్నాడు. సి.ఎస్.ఎస్.లో 'వెబ్‌కిట్ యూజర్ డ్రాగ్' అని మరొకటి ఉన్నది. క్రోమ్, సఫారీ దానిని మన్నిస్తాయి, ఫైర్‌ఫాక్స్ మన్నించదు. ప్రమాణంలో లేని దానిని ఒక్కదానినే నమ్ముకోరాదు.

ఈ రెండూ చేసినా ఒక సందు మిగులుతుంది. పేజీలోనిదంతా ఎంపిక అయి ఉన్న సమయంలో పటాన్ని లాగితే ఆ ఎంపిక మొత్తం లేచి రావచ్చు. కనుక పటాన్ని చుట్టి ఉన్న పెట్టె దగ్గరనే 'డ్రాగ్‌స్టార్ట్' అనే సంఘటనను పట్టుకొని, 'ప్రివెంట్ డిఫాల్ట్' అని బ్రౌజరు అలవాటును వారించడం ఉత్తమం. దానితో పాటు, 'పాయింటర్ క్యాన్సిల్' అనే వార్త వస్తే దానిని మీట వదలిన వార్తగా స్వీకరించి లాగుడు ముగించవలెను. ఎందరో వాడే లీఫ్‌లెట్ అనే పటాల గ్రంథాలయం కూడా పలకలు లాగబడకుండా సి.ఎస్.ఎస్. నియమాన్ని వ్రాసుకొని, ఆ పైన డ్రాగ్‌స్టార్టును కూడా వారిస్తుంది. అంతటి వారు రెండు గొళ్ళాలు వేసినప్పుడు మనం ఒకటి వేసి నిద్రపోరాదు.

ఫోనుకు ఇది చాలదు. వ్రేలితో జరిపినప్పుడు అడ్డుపడేది బొమ్మను లాగడం కాదు, బ్రౌజరు పేజీనే జరుపుకోవడం. పటం పెట్టెకు సి.ఎస్.ఎస్.లో 'టచ్ యాక్షన్ నన్' అని వ్రాస్తే ఆ చిక్కు తీరుతుంది. అయితే పెట్టె తెరనంతా ఆక్రమిస్తే చదువరికి పేజీని క్రిందికి జరుపుకునే దారి ఉండదు. ప్రక్కన కొంత ఖాళీ వదలడం మంచిది.

మందు ఎక్కువైనా చేటే. బొమ్మలన్నిటికీ 'పాయింటర్ ఈవెంట్స్ నన్' అని పెడితే అవి నొక్కుడుకు కూడా అందవు. మీట నొక్కిన వార్తనే వారిస్తే లాగుడు ఆగుతుంది గాని, అంతకు ముందు వ్రాస్తున్న గడిలోనే అక్షరాల గీత మిగిలిపోయి, మీటల ఫలక మీద కొట్టినది అక్కడ పడుతుంది. మా వార్షికోత్సవ ఫొటోల పేజీలో కూడా లాగుడు ఆపమని, ఎవరూ బొమ్మలు తీసుకోకుండా ఉంటారని ఒక మిత్రుడు సూచించారు. నేను అంగీకరించలేదు. తెరకు వచ్చిన బొమ్మ అప్పటికే చూసేవారి కంప్యూటరులో ఉన్నది. తీసుకోదలచినవారు తెరనే ఫొటోగా పట్టుకుంటారు. నష్టపోయేది పిల్లవాడు బహుమతి అందుకున్న ఫొటోను రాజమండ్రిలోని అమ్మమ్మకు పంపాలనుకునే తల్లి. అడ్డు పటం పెట్టె వరకే ఉండాలి.

మీ పేజీలో కూడా ఇదే చిక్కు ఉన్నదేమో తెలుసుకోవడానికి ప్రోగ్రామరు అక్కరలేదు. బొమ్మ మీద నొక్కి నెమ్మదిగా ప్రక్కకు జరపండి. నీడ లేచిందా చూడండి. వదిలిన తరువాత ఏదైనా బాణాన్ని అంటుకున్నదా చూడండి. ఫిర్యాదు వ్రాసేటప్పుడు "మౌసు పని చేయడం లేదు" అని కాక, ఈ రెండూ వ్రాయండి.

మా పేజీలో మార్పు చేసిన మరునాడు సామాన్ల గదిలో పడవేసిన ఆ రెండు మౌసులను తెప్పించి, కంప్యూటరుకు తగిలించి చూచాము. రెండూ నిక్షేపంగా పని చేస్తున్నాయి. సోదరి వాటిలో పాతదానినే ఉంచుకున్నారు. అది చేతికి అలవాటైనదట.