అరిగిన ముక్కే ఆనవాలు

రొయ్యల చెరువులో ఏరియేటరు ఆగిందంటే రైతుకిక కునుకు పట్టదు. పగలైతే నీళ్లలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. చీకటి పడ్డాక అదీ పీల్చుకునేదే! అందుకే తెల్లవారుజామున చెరువులో ఊపిరి అడుగంటుతుంది. ఆ వేళకి ఏరియేటరు రెక్కలు తిరుగుతూ ఉండాల్సిందే.

కృత్తివెన్ను వైపో, కైకలూరు వైపో గేర్‌బాక్సు షాఫ్టు అరిగితే దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బండెక్కేస్తారు. కంపెనీ విడిభాగం వచ్చేదాకా ఆగే తీరిక ఎవరికుంది? రోడ్డు పక్కన రేకుల షెడ్డులోనో, ఇంటి వరండాలోనో ఓ లేత్ మిషన్ ఉంటే... పూటలో పని! ఈ విద్యకు పెద్దబడి విజయవాడ ఆటోనగర్. 1960ల్లో వెలిసిన పేట. చెన్నై-కోల్‌కతా, హైదరాబాద్-మచిలీపట్నం రహదారులు కలిసే ఊళ్లో లారీలకు కొదవేముంది, లేత్‌లకు పని లేకపోవడమేముంది!

అయితే ఈ పని మొదలయ్యేది మిషన్ మీద కాదు. రైతు తెచ్చింది అరిగిన ముక్క. చేయాల్సిందేమో అరగకముందున్న కొలతకి. అది ఎవరు చెబుతారు? ఒక్కోసారి బేరింగే చెబుతుంది. దానిమీద 6205 అని ఉందనుకోండి. చివరి రెండంకెల్ని అయిదుతో హెచ్చవేస్తే 25. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లన్నమాట. అక్కడ షాఫ్టు 24.6 ఉంటే ఎంత పోయిందో తేలిపోయినట్టే. బేరింగు లేకపోతే, షాఫ్టు మీద ఏదీ రాసుకోని మూల కోసం టర్నర్ వేళ్లతో తడుముతాడు.

పాత రైసుమిల్లు సామానుతో ఇంకో చిక్కు. కొన్ని అంగుళాల కాలం నాటివి. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. ఆ 0.4ను మరిచిపోతే పుల్లీ ఎక్కనైనా ఎక్కదు, ఎక్కితే నిలవనైనా నిలవదు. అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే 127 పళ్ల గేరు తగిలించాలి. ఆ వింత లెక్క ఎందుకంటారా? అయిదంగుళాలంటే సరిగ్గా 127 మిల్లీమీటర్లు మరి!

అరిగినచోట వెల్డింగు పోసి, షాఫ్టును చక్కులో బిగించి కోత మొదలుపెడతారు. అసలు పరీక్ష చివరి కోత దగ్గరే. మైక్రోమీటరులో మిల్లీమీటరులో నూరోవంతు కూడా తెలుస్తుంది. కానీ వేడి ముక్కను కొలిస్తే మోసపోయినట్టే. పాతిక మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు నలభై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఆ నూరోవంతే ఉబ్బుతుంది. అప్పుడు సరిపోయిందని దించేస్తే, చల్లారాక బేరింగు వదులైపోతుంది. అందుకే రైతు గడియారం చూసుకుంటుంటే టర్నర్ టీ తెప్పిస్తాడు. ఆ ఆగడమే పనితనం. బిల్లులో మాత్రం కోతకే కూలి... ఆగినందుకు, కొలిచినందుకు ఎవరూ ఇవ్వరు!

వెయ్యి ముక్కలు ఒకేలా కావాలంటే సీఎన్‌సీ మిషన్‌కు సాటి లేదు. డ్రాయింగు లేని ఒకే ఒక్క ముక్కకైతే ఈ పాత లేతే దిక్కు.

కొలతే కాదు, పనిముట్టూ చాలాసార్లు ఇక్కడే పుట్టాలి. టూల్ బిట్‌ను లోహాన్ని బట్టి చేత్తో సాన పడతారు. ఉక్కుకు పైన వాలు ఉండాలి. అదే వాలుతో ఇత్తడిని కోయబోతే టూల్ లోపలికి దిగబడిపోతుంది, దానికి చదును చేయాల్సిందే. లోతైన రంధ్రాన్ని వెడల్పు చేయడానికి బజార్లో దొరికే బోరింగ్ బార్ అందకపోతే విరిగిన లారీ యాక్సిల్ ముక్కతో సొంతంగా ఒకటి తయారవుతుంది. ఇరుకులో ఇరుక్కున్న బేరింగును లాగడానికి ఇంకో పుల్లరు.

పని అయ్యాక అవన్నీ షెడ్డు గోడకు వేలాడతాయి. ఏది ఏ మిల్లుకు, ఏ చెరువుకు చేసిందో దేనిమీదా రాసి ఉండదు. టర్నర్‌కే గుర్తు.