అద్దె ఒక్కటే లెక్క కాదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మహానగరాల్లో టులెట్ బోర్డుల వెంట తిరిగే నేటి ఉద్యోగిని చూసి ఉంటే ఆ సామెతకు మూడో మాట తప్పక చేర్చి ఉండేవారు. చదువుకోసమో, కొలువుకోసమో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, ముంబయి చేరుకుంటున్న కుటుంబాలకు ఎదురయ్యే తొలి సమస్య ఏ పేటలో నివాసం ఉండాలన్నదే. అభిరుచికీ, ఆదాయానికీ తగిన ప్రాంతాన్ని ఎంచుకోవాలని హితవు చెప్పేవారికి కొదవ లేదు. అయితే ఆ ఎంపిక ఎంతమేరకు కుటుంబం చేతిలో ఉంది, ఎంతమేరకు ప్రభుత్వాల నిర్వాకంపై ఆధారపడి ఉంది అన్న ప్రశ్న మాత్రం చర్చకు రావడం లేదు.

ఇల్లు వెదికేవారు సాధారణంగా చేసే పొరపాటు అద్దెను మాత్రమే లెక్కలోకి తీసుకోవడం. కార్యాలయానికి చేరువలోని పేటలో అద్దె నెలకు 25 వేల రూపాయలు, 20 కిలోమీటర్ల దూరంలోని శివారు కాలనీలో 16 వేలు ఉన్నదనుకుందాం. నెలకు 9 వేలు ఆదా అని కుటుంబం సంతోషిస్తుంది. భార్యాభర్తలిద్దరి రాకపోకలకు అదనంగా 5 వేలు, నీటి ట్యాంకర్లకు 1,500, పిల్లల బడి బస్సుకు మరో 1,500 కలిపితే ఆ ఆదాలో మిగిలేది వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి కోసం ఒక్కొక్కరు రోజుకు రెండు గంటలు అదనంగా ప్రయాణించవలసి వస్తే, 25 పనిదినాల్లో 50 గంటలు రోడ్డుపాలవుతాయి. అదే శివారు కాలనీ ముంగిటకు రైలు వస్తే, కుళాయిలో మంచినీరు పారితే లెక్క పూర్తిగా తారుమారవుతుంది. ఒక పేట చవకా, ఖరీదా అన్నది ఇంటి యజమాని చెప్పే అంకెలో లేదు. అక్కడి బస్సులో, నీటిలో, మురుగు కాలువలో ఉంది.

బెంగళూరు అనుభవం ఇందుకు తార్కాణం. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సాఫ్ట్‌వేర్ సంస్థలు వెలిసిన చాలా కాలానికి, 2023 అక్టోబరులో గానీ వైట్‌ఫీల్డ్‌కు నగరంలోని మెట్రో మార్గంతో పూర్తి అనుసంధానం కుదరలేదు. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్రకు మెట్రో నడవడానికి 2025 ఆగస్టు వరకు వేచి ఉండవలసి వచ్చింది. 2007లో నగరపాలక సంస్థ పరిధిలో చేర్చిన 110 గ్రామాల ప్రాంతానికి కావేరి జలాలు అందించే అయిదో దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అప్పటిదాకా ఆ ప్రాంతం బోర్లపై, ట్యాంకర్లపై ఆధారపడింది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ఖరీదైన అపార్టుమెంట్ల వాసులు సైతం బిందె నీటికి కటకటలాడారు. లక్షల జీతం కూడా పాతాళంలో లేని నీటిని పైకి తేలేదు.

వాన కాలం మరో పరీక్ష. చెన్నైలోని వేళచ్చేరి ఇందుకు ఒక ఉదాహరణ. పళ్ళికరణై చిత్తడి నేలల చెంత పెరిగిన ఆ ప్రాంతం 2015 డిసెంబరు వరదల్లో జలమయమైంది. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు కుంభవృష్టికి చెరువుల శిఖం భూముల్లో, నాలాల గట్లపై వెలసిన కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి. బెంగళూరు బెళ్ళందూరు పరిసరాలకు 2022 సెప్టెంబరులో అదే గతి పట్టింది. చెరువు, కుంట, తాలాబ్ అన్న పదాలు పేరులో ఉన్న చోట ఇల్లు తీసుకునేవారు ఆ నీరు ఇప్పుడు ఎటు పోతున్నదో విచారించుకోవడం విజ్ఞత. చెరువు తన చోటు మరచిపోదు.

ముంబయిది మరో కథ. అక్కడ లోకల్ రైలు చవక కావడంవల్లే విరార్, కల్యాణ్, డోంబివలీ వంటి దూర ప్రాంతాలు సామాన్యుడి బడ్జెట్‌కు అందాయి. దూరానికి డబ్బు రూపంలో చెల్లించే మూల్యం తక్కువ. ప్రాణాల రూపంలో చెల్లించేది ఎక్కువ. 2025 జూన్ 9న ముంబ్రా వద్ద కిక్కిరిసిన రైళ్ల తలుపుల వద్ద వేలాడుతున్న ప్రయాణికులు జారిపడి మరణించిన దుర్ఘటన ఆ నిజాన్ని మరోసారి గుర్తు చేసింది.

అద్దె చెల్లించగల స్తోమత ఉన్నా తలుపు తెరుచుకోని సందర్భాలు అనేకం. మతం అడిగి, కులం ఆరా తీసి, వంటింట్లో ఏమి వండుతారో ప్రశ్నించి తిప్పి పంపే యజమానులు ప్రతి నగరంలోనూ ఉన్నారు. ఒంటరి మహిళ అయితే ప్రశ్నలు రెట్టింపు. ఒక సహకార గృహ నిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతంవారికి పరిమితం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. సంఘం నియమావళికి చట్టం అండ ఉండవచ్చు గాక. నగరం మాత్రం కులాలవారీ వాడలుగా చీలిన పాత ఊరి నమూనాను కొత్తగా కట్టుకుంటున్నదన్న వాస్తవాన్ని విస్మరించలేము.

వైచిత్రి ఏమంటే, ఇళ్లు లేక కొరత, ఇళ్లుండీ తాళాలు. పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్లు 2011 జనగణన తేల్చింది. ఇరుకిళ్లను, శిథిల గృహాలను కూడా కలుపుకొని పట్టణ గృహాల కొరత 1.88 కోట్లని 2012లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం అంచనా వేసింది. ఆ కొరతలో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. అద్దెకిస్తే ఇల్లు తిరిగి దక్కదేమోనన్న యజమానుల భయం ఈ తాళాలకు ఒక కారణం. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం వంటివి కిరాయిదారుకు రక్షణ కల్పించాయన్నది నిజం. అద్దెలను దశాబ్దాలపాటు స్తంభింపజేసి కొత్తగా అద్దె ఇళ్లు కట్టేవారి ఉత్సాహాన్ని నీరుగార్చాయన్నదీ నిజమే.

ఈ చిక్కుముడిని విప్పడానికే కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసి, నివాస గృహాలకు డిపాజిట్టును రెండు నెలల అద్దెకు పరిమితం చేసి, వివాదాలకు ప్రత్యేక అద్దె న్యాయస్థానాలను ప్రతిపాదించింది. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడిగే ఆనవాయితీ చిరకాలంగా ఉన్నదని గుర్తుంచుకుంటే రెండు నెలల పరిమితి విలువ బోధపడుతుంది. కొత్త ఉద్యోగి తొలి జీతం అందుకోకముందే అప్పులపాలు కావలసిన దుస్థితి అది. అయితే ఆ నమూనాను చట్టంగా మలచుకోవలసింది రాష్ట్రాలే. ముందుకు వచ్చినవి కొన్ని మాత్రమే. వలస కార్మికులకు అద్దె గృహాల పథకాన్ని 2020లో ప్రకటించారు. 2024లో ఆమోదించిన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలోనూ అద్దె ఇళ్లకు చోటిచ్చారు. కాగితంపై చోటు దొరికితే చాలదు, పని ప్రదేశానికి అందుబాటులో స్థలం దొరకాలి.

ఈలోగా ఇల్లు వెదికేవారు తమ జాగ్రత్తలో తాము ఉండక తప్పదు. ఆదివారం మధ్యాహ్నం కాదు, పనిదినం ఉదయం ఆ పేటనుంచి కార్యాలయానికి ఒకసారి ప్రయాణించి చూడాలి. వేసవిలో నీరు ఎన్నాళ్లకొకసారి వస్తుందో, వానకు వీధిలో నీరు ఎంత లోతు నిలుస్తుందో యజమానిని కాక పక్కింటివారిని, కిరాణా కొట్టు వారిని అడగాలి. చివరి బస్సు ఎన్ని గంటలకో, రాత్రి పొద్దుపోయి వచ్చే ఆడపిల్ల దిగి నడిచే దారిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడాలి. అద్దె, రాకపోకలు, నీరు, మెయింటెనెన్స్ కలిపి ఒకే మొత్తంగా కట్టుకున్న తర్వాతే రెండు పేటలను పోల్చుకోవాలి.

అయితే పౌరుడి వివేకం పాలకుల బాధ్యతకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఎంత తెలివిగా లెక్క వేసినా, నీరున్న చోట బస్సు లేక, బస్సున్న చోట నీరు లేక, రెండూ ఉన్న చోట అద్దె అందక తిరిగే కుటుంబానికి ఎంపిక అన్న మాటే పరిహాసం. ముందు రోడ్డు, నీరు, మురుగు కాలువ, బస్సు; ఆ తర్వాతే లేఅవుట్లకు అనుమతి అన్న క్రమాన్ని నగరపాలక సంస్థలు పాటించాలి. ముంపు ప్రాంతాల పటాలను వార్డుల వారీగా అందరికీ అందుబాటులో ఉంచాలి. అద్దె చట్టాన్ని రాష్ట్రాలు ఇకనైనా దుమ్ము దులపాలి. నగరానికి చెమటోడ్చేవారికి ఆ నగరంలోనే నిలువ నీడ కరవైతే, అది నగరం కాదు, రేవు మాత్రమే.