నర్సమ్మ సందేహాన్ని కొట్టిపారేయకండి

గుర్రంకొండ కోట కనిపించేంత దూరంలో ఉన్న ఒక పల్లెలో, గత బుధవారం టీకాల కార్యక్రమం జరుగుతుండగా కొంతసేపు కూర్చున్నాను. ఉద్యోగ విరమణ చేసినప్పటి నుండి నాకిదొక అలవాటు. టమోటా కోతలకు పోవలసిన తల్లులు తొందరపడుతున్నారు. ఉన్నది ఒక్క ఏఎన్ఎం. టీకా పెట్టె తెరవడం, సూది వేయడం, కార్డు నింపడం, ఫోనులో వివరాలు ఎక్కించడం, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పడం, అన్నీ ఆమె పనులే. అయినా పద్దెనిమిది నెలల బాబును చంకనెత్తుకుని వచ్చిన ఒక తల్లిని ఆపి, సూదితో ఏ సంబంధమూ లేని ప్రశ్న ఒకటి అడిగింది. "కాకినో కుక్కనో చూస్తే, అదిగో అని నీకు వేలు పెట్టి చూపిస్తాడా అమ్మా?"

తల్లి కొంచెం ఆలోచించింది. "లేదక్కా. ఏమన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకోని ఈడ్చకపోతాడు గానీ, వేలు పెట్టి చూపీడు" అన్నది.

ఏఎన్ఎం కార్డు మీద ఏదో రాసుకుని నా వైపు చూసింది. ఈ వ్యాసం రాయడానికి ఆ చూపే కారణం.

బిడ్డ వేలు చూపడంలో రెండు రకాలున్నాయి. కావలసిన వస్తువును అడగడానికి చూపడం ఒకటి. తాను చూసిన వింతను తల్లికి కూడా చూపించి, ఆమె చూసిందో లేదో అని ఆమె ముఖంలోకి చూడడం రెండవది. ఏడాది దాటి ఏడాదిన్నర వచ్చేసరికి ఈ రెండవది కనిపించాలి. కనిపించకపోవడమూ, పెద్దవాళ్ళ చేతిని ఒక పనిముట్టులా వాడుకోవడమూ ఆటిజానికి తొలి సూచనలు కావచ్చును. ఇంతమాత్రాన ఆ బిడ్డకు ఆటిజం ఉన్నదని ఎవరూ నిర్ధారించరాదు. కాని పరీక్షించవలసిన అవసరం ఉన్నదని చెప్పడానికి ఈ రెండు సూచనలు చాలు. మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా చేయవలసిన మొదటి పరీక్ష వినికిడి పరీక్ష. మేనరికాలు ఎక్కువగా జరిగే మన రాయలసీమలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపాన్ని మరచిపోవడానికి వీలులేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాదాపు పాతికేళ్ళ క్రితం నేను పనిచేస్తున్న ఒక ఆసుపత్రిలో, విరేచనాలతో రెండేళ్ళ బాబు పిల్లల వార్డులో చేరాడు. మూడు రోజులున్నాడు. ఇంటికి పంపించే రోజు ఉదయం, రాత్రి డ్యూటీ ముగించుకున్న నర్సు నా దగ్గరకు వచ్చి, "సార్, ఈ పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తిరగడు. సూది గుచ్చినప్పుడు తల్లిని వెతుక్కోడు, గోడవైపు తిరిగి ఏడుస్తాడు. సెలైన్ సీసా మూత ఒకటి దొరికితే తెల్లవారేదాకా దాన్నే తిప్పుతూ ఉన్నాడు" అని చెప్పింది. తల్లిని అడిగాను. "వాళ్ళ నాయన గూడా నాలుగేండ్లకు గానీ మాట్లాడలేదంట సార్" అన్నది. వార్డులో ఇంకా ఇరవైమందిని చూడవలసి ఉన్న నాకు ఆ మాట ఎంతో అనుకూలంగా తోచింది. వయసొస్తే అవే వస్తాయని ధైర్యం చెప్పి పంపేశాను.

ఆ బాబు మళ్ళీ నా ముందుకు వచ్చింది ఏడవ ఏట, ఏ బడీ చేర్చుకోవడం లేదని. అప్పటికీ మాటలు లేవు. ఐదేళ్ళు పోయాయి. ఆ ఐదేళ్ళలో శిక్షణ ఇచ్చి ఉంటే అతడు మాట్లాడేవాడని నేను చెప్పలేను. ఆకలిని, నొప్పిని, అవసరాన్ని తెలియజేసే ఏదో ఒక మార్గం నేర్చుకుని ఉండేవాడని మాత్రం చెప్పగలను. నర్సు మూడు రాత్రులు చూసి చెప్పిన దానిని నేను మూడు నిమిషాల్లో కొట్టిపారేశాను. ఆమె మళ్ళీ నాతో అటువంటి సంగతి ఏదీ చెప్పలేదు. ఆ మౌనమే నన్ను ఇప్పటికీ ఎక్కువగా బాధిస్తుంది.

రక్తపరీక్షలో తేలే జబ్బును వైద్యుడు పట్టుకుంటాడు. ఎదుగుదల లోపాలు రక్తంలో కనిపించవు. తినిపించేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు, ఏడుపు మాన్పించేటప్పుడు కనిపిస్తాయి. ఆ వేళల్లో బిడ్డ దగ్గర ఉండేది నర్సే.

మరి మనం నర్సులకు నేర్పుతున్నదేమిటి? శిశు నర్సింగ్ పాఠాలలో ప్రవర్తనా సమస్యలని ఒక అధ్యాయం ఉంటుంది. వేలు చీకడం, గోళ్ళు కొరకడం, మట్టి తినడం, పక్క తడపడం, కోపంతో నేలపై పడి దొర్లడం, ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టడం. పరీక్షకు వల్లె వేస్తారు, రాస్తారు, మరచిపోతారు. నిజానికి వీటిలో చాలావరకు వయసుతో పోయేవే. ఐదేళ్ళలోపు బిడ్డ పక్క తడిపితే దాన్ని జబ్బుగా లెక్కించనే కూడదు. మట్టి, బలపాలు, గోడ సున్నం తినే బిడ్డకూ, ఊపిరి బిగబట్టి నీలంగా మారే బిడ్డకూ ముందుగా రక్తహీనత ఉందేమో చూడాలి. ఇనుము లోపం సరిదిద్దితే ఈ రెండూ తగ్గడం నేను ఎన్నోసార్లు చూశాను. అల్లరి చేసే బిడ్డను ఇల్లంతా గమనిస్తుంది. పిలిస్తే పలకక, ఏదీ అడగక, ఒక మూల ఆడుకునే బిడ్డను మాత్రం "బుద్ధిమంతుడు" అని మెచ్చుకుంటాము. పాఠంలో ఎక్కువ పుటలు కేటాయించవలసింది ఈ రెండో బిడ్డకు.

మన టీకాల పట్టిక ఎదుగుదల పట్టికకు చక్కగా సరిపోతుంది. 14 వారాల టీకాకు వచ్చిన బిడ్డ ముఖం చూసి నవ్వాలి, కదిలే వస్తువును కళ్ళతో వెంబడించాలి. తొమ్మిది నెలలు నిండి తట్టు, రుబెల్లా టీకాకు వచ్చిన బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవాలి, బబ్బబ్బ అంటూ అక్షరాలు కలపాలి, శబ్దం వచ్చిన వైపు తిరగాలి. 16 నుండి 24 నెలల మధ్య రెండవ మోతాదుకు వచ్చేటప్పటికి కొన్ని మాటలు, వేలు చూపడం, ఉత్తుత్తి వంటలాట వంటివి ఉండాలి. ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం 16 నుండి 30 నెలల పిల్లల కోసమే తయారైనది. తల్లి బిడ్డను తెచ్చి మన ముందు నిలబెడుతున్నది. మనము తొడ మాత్రమే చూసి పంపుతున్నాము.

ఈ వయసు కలయిక వల్లనే ఒక అపోహ కూడా పుట్టింది. టీకా వేయించిన రోజుల్లోనే తేడా బయటపడుతుంది కనుక టీకాయే కారణమని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం ఈ భయాన్ని ప్రపంచమంతా పాకించింది. ఆ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించింది. ఆయన వైద్యవృత్తి చేసే అర్హతను కూడా అదే ఏడాది కోల్పోయాడు. భయం మాత్రం వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నది.

మరొక అపోహ మన ప్రాంతానికి దగ్గరిది. గుర్రంకొండలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినే పిల్లలున్నారు. కుప్పం వైపు తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి. "రెండు భాషలు కదా, అందుకే మాటలు రాలేదు" అని వైద్యులు సైతం అంటుంటారు. రెండు భాషలు వినడం ఏ బిడ్డకూ మాటను ఆపదు. ఫోను చేతికిచ్చి వదిలేయడం వల్ల బిడ్డతో మాట్లాడే గంటలు తగ్గుతాయి, అది నిజం. కాని ఫోనే ఆటిజాన్ని తెచ్చిందని తల్లిని నిందించడం అన్యాయం. 1960ల దాకా పాశ్చాత్య నిపుణులు తల్లి ప్రేమ లేకపోవడమే ఆటిజానికి కారణమని నిందించారు. ఆ పాపాన్ని మనం ఫోను పేరుతో మళ్ళీ చేయనవసరం లేదు.

పేర్లు తగిలించడంలోనూ తొందర పనికిరాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నతనంలో ఉపాధ్యాయులు మందమతి అనుకున్నారు, కొట్టారు. ఆ బాలుడికి పదే పదే మలేరియా వచ్చేది. పదేళ్ళకే తల్లి పోయింది. ఆయనకు ఫలానా లోపం ఉండేదని ఇప్పుడు తీర్పు చెప్పడం నా పని కాదు. బడిలో ధ్యాస నిలవని బిడ్డను చూసినప్పుడు జ్వరమా, చెవా, కన్నా, ఇంట్లో దుఃఖమా అని అడిగే మనిషి ఒకరు ఉండాలన్నదే నా మాట. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించడానికి కూడా ఆ లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ, కనీసం ఆరు నెలల పాటు కనిపించాలి.

ప్రభుత్వ పథకాలకు కొరత లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల లోపాలతో సహా అనేక రకాల సమస్యలను పుట్టిన నాటి నుండి 18 ఏళ్ళ వరకు వెదకాలని చెబుతున్నది. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలలో ఇంటికి వెళ్ళి చూడవలసి ఉన్నది. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల పుటలూ ఉన్నాయి. నేను చూసిన కార్డులలో ఎక్కువ వాటిలో ఆ పుటలు ఖాళీ. టీకాల రోజున రెండవ మనిషి ఉంటే తప్ప అవి నిండవు. అలాగే ఏఎన్ఎం గానీ వార్డు నర్సు గానీ సందేహం రాసినప్పుడు, వినికిడి పరీక్ష జరిగేదాకా ఏ వైద్యుడూ దానిని కొట్టివేయరాదన్న నియమం ఉండాలి. నర్సింగ్ విద్యార్థినులను కనీసం ఒక నెల అంగన్‌వాడీకి పంపాలి. ఆరోగ్యంగా ఆడుకునే రెండేళ్ళ పిల్లలను వందమందిని చూడనివారికి, తేడాగా ఆడుకునే ఒక్కరు ఎలా కనిపిస్తారు?

వార్డులో ఇటువంటి బిడ్డ చేరినప్పుడు నర్సు చేయగలిగినది చాలా ఉన్నది. వీలైనంతవరకు ఒకరే చూసుకోవాలి. తల్లిని బయటకు పంపరాదు. చేయబోయే పనిని ముందుగా బొమ్మ మీద చేసి చూపాలి. నొప్పిని ఈ పిల్లలు అందరిలా చూపకపోవచ్చును కనుక "నొప్పి వస్తే వీడు ఏం చేస్తాడమ్మా?" అని తల్లిని అడిగి కేసు షీటు మీద రాయాలి. మదనపల్లె పక్కనే వందేళ్ళు దాటిన ఆరోగ్యవరం ఉన్నది. క్షయకు మందు లేని రోజుల్లో అక్కడి వైద్యమంతా విశ్రాంతి, ఆహారం, గాలి, నర్సుల అనుదిన పరిశీలన మీదనే ఆధారపడి నడిచింది. ఆటిజానికి నేటికీ నయంచేసే మందు లేదు. ఉన్నదని అమ్మేవారికి డబ్బు పోయకండి.

ఆ పద్దెనిమిది నెలల బాబుకు వినికిడి పరీక్ష వచ్చే సోమవారం. కూలి పోతుందని తల్లి వెనుకాడితే, వాళ్ళ అవ్వ తాను తీసుకుపోతానన్నది. ఏఎన్ఎం ఆమె ఫోను నంబరు కార్డు వెనుక రాసుకున్నది.