ఓటు అక్కడ, వేటు ఇక్కడ

జంషెడ్‌పూర్: ఢిల్లీ రాజకీయాలలో ఏ కష్టానికైనా సిద్ధంగా దొరికే సమాధానం ఒకటున్నది. ధరలు పెరిగితే “అంతర్జాతీయ పరిణామాలు”. ఎగుమతులు పడిపోతే “అంతర్జాతీయ పరిణామాలు”. కర్మాగారంలో మనుషులను తగ్గిస్తే కారణం మళ్లీ అదే. తుఫానో, వరదో ఎక్కడినుంచో వచ్చి మీద పడినట్టు, దానికి ఎవరూ బాధ్యులు కానట్టు వినేవారికి తోస్తుంది. ఆ మాటను గీటురాయి మీద పెట్టి చూడడానికి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన ఈ ఉక్కు నగరం కంటే తగిన స్థలం లేదనే ఉద్దేశంతో ఈ వారం లేఖ ఇక్కడినుంచి రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. బిష్టుపూర్‌లోని రామమందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ అందుకు సాక్ష్యం.

నాకు తోచిన సంగతి ఇది. అంతర్జాతీయ ధోరణి ఆకాశంనుంచి ఊడిపడదు. ఒక దేశపు పాలకులు తమ ఓటర్లనో, తమ బ్యాంకులనో, తమ కర్మాగారాలనో కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటే సరిహద్దు దాటిన తరువాత మరొక దేశానికి అంతర్జాతీయ ధోరణి అవుతుంది. అక్కడ అది రాజకీయం. ఇక్కడికి వచ్చేసరికి అది విధి.

శతాబ్దం కిందటి పాఠం

ఈ నగర చరిత్రే అందుకు నిదర్శనం. టాటా ఉక్కు కంపెనీకి లండన్ మార్కెట్‌లో పెట్టుబడి దొరకలేదు. స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న 1907లో మూలధనం భారతీయుల నుంచే సమకూడింది. 1912లో తొలి ఉక్కు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలోను, ఈజిప్టులోను పట్టాలు వేయడానికి ఇక్కడి ఉక్కు వెళ్లింది. ఆ కృతజ్ఞతతోనే 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ సాక్చి గ్రామానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు.

యుద్ధం ముగియగానే కథ మారింది. బెల్జియం వంటి దేశాల కరెన్సీ విలువ పడిపోగా అక్కడి ఉక్కు చవకై భారతదేశాన్ని ముంచెత్తింది. దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని తాకట్టు పెట్టి కంపెనీని నిలబెట్టవలసి వచ్చింది. 1924లో కేంద్ర శాసనసభ ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం చేసింది. 1927లో ఆ రక్షణను సవరిస్తూ బ్రిటిష్ ఉక్కుకు ప్రత్యేక రాయితీ కల్పించారు. కంపెనీకి రక్షణ దొరికింది కాని కార్మికుడికి దొరకలేదు. ఖర్చు తగ్గించుకోవాలనే పేరుతో మనుషులను తగ్గించే ప్రయత్నం 1928లో నెలల తరబడి సాగిన సమ్మెకు కారణమైంది. సుభాస్ చంద్రబోస్ వచ్చి కలుగజేసుకున్న తరువాత గాని ఒప్పందం కుదరలేదు.

మూడు రాజధానులు

పేర్లు మార్చి చదివితే ఇది నేటి కథే. ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో సగానికి పైగా, అంటే ఏటా సుమారు 100 కోట్ల టన్నులు, చైనాదే. 2021 నుంచి అక్కడి గృహనిర్మాణ రంగం కుప్పకూలింది. ఇళ్లు కట్టడం తగ్గితే కొలిములు ఆపాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. కాని రాష్ట్ర ప్రభుత్వాలకు కొలిమి అంటే ఉద్యోగాలు, పన్నులు, బ్యాంకు బకాయిలు. వాటిని ఆపడం కంటే సరుకును బయటికి తోయడమే వారికి సులభం. ఫలితంగా 2024లో చైనా ఉక్కు ఎగుమతులు 11 కోట్ల టన్నులు దాటాయి. చైనా ప్రభుత్వం తన దేశంలో తప్పించుకున్న నిరుద్యోగం ధర రూపంలో ప్రపంచ మార్కెట్‌కు చేరింది.

ఇక వాషింగ్టన్. పెన్సిల్వేనియా, ఒహాయో వంటి పాత ఉక్కు రాష్ట్రాల ఓటు అమెరికా అధ్యక్ష ఎన్నికలలో ఎంత విలువైనదో విదితమే. 2018లో జాతీయ భద్రత పేరిట వేసిన 25 శాతం సుంకాన్ని 2025 మార్చిలో మినహాయింపులు లేకుండా అమలు జరిపారు. జూన్‌లో 50 శాతానికి పెంచారు. మన ఉక్కు అమెరికాకు వెళ్లేది స్వల్పమే. అసలు సమస్య వేరు. అక్కడ తలుపు మూసుకుంటే, కొరియా, జపాన్‌ల సరుకు తెరచి ఉన్న మరో తలుపును వెతుక్కుంటుంది. 2010, 2011 సంవత్సరాలలో అమలులోకి వచ్చిన ఒప్పందాల మూలంగా ఆ తలుపు మన ఇంటిదే.

మూడవది బ్రస్సెల్స్. ఉక్కు తయారీలో వెలువడే కర్బనాన్ని లెక్కగట్టి, సరిహద్దు వద్ద రుసుము వసూలు చేసే విధానాన్ని యూరప్ 2026 జనవరి 1 నుంచి అసలు రూపంలో మొదలుపెట్టింది. వాతావరణ రక్షణ అనే ఆశయాన్ని తప్పు పట్టలేము. కాని తమ కర్మాగారాలకు విధించిన కర్బన భారం వల్ల పరిశ్రమలు పరాయి దేశాలకు తరలిపోతాయనే భయం కూడా దీని వెనుక ఉన్నదని గుర్తించాలి. బొగ్గుపై ఆధారపడిన మన బ్లాస్ట్ ఫర్నేస్‌లకు ఇది నేరుగా తగులుతుంది. జంషెడ్‌పూర్‌లో 2023లో ఒక ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ పంపి పరీక్షించడం వెనుక ఈ ఒత్తిడి కూడా ఉన్నది.

వేల్స్ చెప్పిన నీతి

ఈ ఒత్తిళ్లన్నీ ఒకచోట కూడితే ఏమవుతుందో బ్రిటన్‌లో తేలింది. 2007లో టాటా స్టీల్ కోరస్‌ను కొన్నప్పుడు వలస దేశం పాలక దేశపు ఉక్కును కొన్నదని మనం సంబరపడ్డాము. 2024 సెప్టెంబర్ 30న వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆగిపోయింది. దాని స్థానంలో విద్యుత్ కొలిమి కోసం బ్రిటిష్ ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. అయినా వేలాది ఉద్యోగాలు పోయాయి. ఏడు నెలలు తిరగకుండా స్కంథోర్ప్‌లో చైనా యాజమాన్యం కింద ఉన్న కొలిములు ఆరిపోయే పరిస్థితి రాగా, 2025 ఏప్రిల్ 12న శనివారం నాడు పార్లమెంటును పిలిపించి ఒక్క రోజులో చట్టం చేశారు. ఒకచోట ఆరిపోనిచ్చినదాన్ని ఇంకొకచోట చట్టం చేసి నిలబెట్టింది మార్కెట్ కాదు, రాజకీయ సంకల్పం. “అంతర్జాతీయ పరిణామాల ముందు చేయగలిగింది లేదు” అనే వాదం ఇక్కడే వీగిపోయింది.

మన ఢిల్లీ మాటేమిటి?

ఇంతవరకు పరుల లెక్క. మన రాజధాని కూడా ఈ వరుసలోనిదే. 1956 నుంచి 1990ల మొదటి వరకు అమలులో ఉన్న రవాణా ఛార్జీల సమీకరణ విధానం వల్ల ఉక్కు దేశమంతటా ఒకే ధరకు దొరికింది. గని పక్కనే ఉన్న నాటి బిహార్‌కు భౌగోళికంగా దక్కవలసిన లాభం దక్కలేదు. పరిశ్రమలు పడమటి, దక్షిణ తీరాలకు చేరాయి. ఆ నిర్ణయం బీజింగ్‌లోనో లండన్‌లోనో జరిగింది కాదు. 2022 మేలో, ధరల పెరుగుదలకు జడిసి, ఉక్కు ఎగుమతిపై ఢిల్లీ 15 శాతం సుంకం వేసింది; నవంబర్‌లో తీసివేసింది. 2025 ఏప్రిల్‌లో దిగుమతిపై 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది.

ఈ రక్షణ అవసరమేనని నేను భావిస్తున్నాను. పరుల మిగులు సరుకుకు మన దేశం చెత్తకుండీ కానక్కరలేదు. కాని ఖర్కాయి దాటి ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడకు వెళ్తే రెండవ ముఖం కనిపిస్తుంది. అక్కడి చిన్న యూనిట్లు ఉక్కును అమ్మేవి కావు, కొనేవి. లారీల విడిభాగాలు చేసి పెద్ద కంపెనీకి అప్పగించే యజమానికి ఉక్కు ధర పెరిగినంత వేగంగా తన సరుకు ధర పెరగదు. పోర్ట్ టాల్బట్‌కు బీజింగ్ ఎంత దూరమో, ఆదిత్యపూర్‌కు ఢిల్లీ అంతే దూరం.

ఇక కార్మికుడు. 1990ల తొలి సంవత్సరాలలో డెబ్బై వేలు దాటిన టాటా స్టీల్ ఉద్యోగుల సంఖ్య పదేళ్లలో యాభై వేల లోపుకు దిగింది. ఉత్పత్తి పెరిగింది. స్వచ్ఛంద విరమణ పథకంలో వెళ్లినవారికి కొంత ఆదరువు దొరికిన మాట నిజమే. కాని తండ్రి ఉద్యోగం కొడుకుకు వస్తుందన్న నమ్మకం పోయింది. కాంట్రాక్టు కూలీ వచ్చాడు. పైగా, కంపెనీయే నీరు, దీపం సమకూర్చే ఈ నగరపు ప్రధాన భాగానికి నూరేళ్లు గడిచిన తరువాత కూడా ఎన్నికైన పురపాలక సంఘం ఏర్పడలేదు. పరాయి దేశపు ఓటర్ల తీర్పును మోసే ఈ పౌరుడికి సొంత వీధి మీద కూడా ఓటు లేదు.

విశాఖకు హెచ్చరిక

తెలుగు పాఠకులకు ఇందులో స్వార్థం కూడా ఉన్నది. జంషెడ్‌పూర్ ఇన్ని తుఫానులకు తట్టుకున్నదంటే నోవాముండి వంటి సొంత ఇనుప గనుల అండ అందుకొక ముఖ్య కారణం. 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కుకు ఆ అండ ఏనాడూ లేదు. ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొంటూ, చైనా ధరతో పోటీపడమన్నారు. నష్టం రాగానే 2021 జనవరిలో అమ్మకానికి ఆమోదం తెలిపారు. ఆందోళన సాగిన తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించారు. సహాయం మంచిదే. గని లేని లోటు మాత్రం డబ్బుతో తీరేది కాదు. 2015 నాటి చట్ట సవరణ ప్రకారం సొంత వినియోగపు పాత లీజులు చాలావాటికి 2030 మార్చి 31 గడువు. ఆ తరువాత వేలం. గనిని ఎవరికి, ఏ షరతుతో ఇవ్వాలన్న ప్రశ్న అప్పుడు మళ్లీ తలెత్తుతుంది. విశాఖ కోసం పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలసిన తరుణం అదే.

కాబట్టి ఇకముందు ఏ మంత్రిగారైనా “అంతర్జాతీయ పరిణామాలు” అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగడం మేలు. ఆ పరిణామం ఏ రాజధానిలో, ఎవరిని కాపాడడానికి పుట్టింది? దాన్ని ఎదుర్కోవడానికి మన రాజధాని ఎవరిని కాపాడింది? ఆ రక్షణలో కాంట్రాక్టు కూలీకి, చిన్న యూనిట్‌కు, గని పక్కన భూమి పోగొట్టుకున్న ఆదివాసీకి వాటా ఎంత? 1924లో కంపెనీకి రక్షణ ఇచ్చి మూడవ ప్రశ్నను వదిలేశారు; నాలుగేళ్లలో సమ్మె వచ్చింది. ఆ లెక్క ఇప్పటికీ తెగలేదు.