ఉగ్గుగిన్నె

ఆవు ఈనితే మా కార్వేటినగరంలో ఇప్పటికీ ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచుతారు. బెల్లమూ మిరియాల పొడీ వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను కోసం పెద్దలు కూడా పసిపిల్లల్లా కాచుక్కూర్చుంటారు. మనిషి బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల్లి తొలిపాలను "ముర్రుపాలు, అరగవు" అంటూ పిండి పారబోసిన ఇళ్ళను నా చిన్నతనంలో చూశాను. ఇప్పుడు పారబోసేవారు తగ్గారు. కానీ ఆ పాలు బిడ్డ నోటికి చేరకుండా పోవడానికి కొత్త దారి ఏర్పడింది. ఈ టపా దాని గురించే.

ఆమధ్య మా చెల్లెలి కూతురికి 36వ వారంలో రక్తపోటు పెరిగింది. పుత్తూరు మీదుగా తిరుపతికి తీసుకువెళ్ళాము. ఆ రాత్రే ఆపరేషన్. ఆడపిల్ల, రెండుంబావు కిలోలు. రక్తంలో చక్కెర తగ్గిందని బిడ్డను వేరే గదిలో ఉంచి డబ్బా పాలు పట్టారు. ఆ మొదటి రాత్రి పట్టిన పాలను నేను తప్పుపట్టను. నెలలు నిండని బిడ్డకు చక్కెర పడిపోతుంటే సిద్ధాంతాలు వల్లించే సమయం కాదది. నా ఫిర్యాదంతా తరువాతి మూడు రోజుల గురించే.

ఆ మూడు రోజుల్లో కుట్లు చూడడానికి ఒకరు వచ్చారు, బీపీ చూడడానికి ఒకరు వచ్చారు, బిల్లు కట్టారా అని అడగడానికి ఇద్దరు వచ్చారు. బిడ్డను రొమ్ముకు ఎలా అందించాలో చూపించడానికి ఒక్కరూ రాలేదు. రెండో రోజు సాయంత్రం "పాలు పడలేదు కదమ్మా" అంటూ డబ్బా పేరు వ్రాసిన చీటీ ఇచ్చారు. పక్క మంచం దగ్గరి అవ్వ కూడా "కోత కోసినోళ్ళకు పాలు యాడ పడతాయిమే" అని తీర్పు చెప్పేసింది. మూడో రాత్రి ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని, "నాకు పాలే లేవు పెద్దమ్మా" అంది. కడుపు మీద గాయం కన్నా ఆ మాటే దాన్ని ఎక్కువగా బాధిస్తోందని నాకు అర్థమైంది.

ఆ మాట నిజమూ కాదు. మాయ బయటపడగానే తల్లి ఒంట్లో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. పాలు దిగడానికి అదే సంకేతం. మాయ ఏ దారిన బయటికి వచ్చిందన్న పట్టింపు దానికి లేదు. ఆపరేషన్ తరువాత ఒక రోజు ఆలస్యం కావచ్చు, అంతే. అప్పటిదాకా ఊరేది చుక్కలే. తొలిరోజు బిడ్డకు ఒక్కోసారికి చెంచాడు చాలు. అసలు చిక్కు బిడ్డ వైపు నుంచి వస్తుంది. 36 వారాల బిడ్డ చూడడానికి నిండు బిడ్డలాగే ఉంటుంది గానీ, నాలుగు గుక్కలు చీకి అలసి నిద్రపోతుంది. ఆకలికి గట్టిగా ఏడవదు కూడా. అది చీకకపోతే రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కానిది మళ్ళీ నిండదు. అలా లేనిపోని "పాలు లేవు" నాలుగు రోజుల్లో నిజమై కూర్చుంటుంది.

మరునాడు మా వీధిలో ఉండే ఒక విశ్రాంత నర్సమ్మను బతిమాలి పిలిపించాను. ఆమె చేసినవి అద్భుతాలేమీ కావు. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కిందుగా, కాళ్ళు వెనక్కి వచ్చేలా పట్టుకోవడం చూపించింది. బట్టలు విప్పిన బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. రెండు మూడు గంటలకొకసారి, రాత్రుళ్ళు కూడా, రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా చేత్తో పాలు పిండించింది. పిండినదాన్ని సీసాలో పోయనివ్వలేదు. "ఇంట్లో ఉగ్గుగిన్నె లేదా?" అని అడిగింది.

ఉగ్గుపాలతో అబ్బిన విద్య అని గొప్పలు చెప్పుకునే జాతి మనది. ఆ ఉగ్గు నేడు వద్దంటారు. ఆముదం పసిబిడ్డకు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ గిన్నె మాత్రం మంచిదే. తమిళులు పాలాడై అనే ఈ ముక్కు గిన్నెతోనే మన దేశంలో ఎన్నో ఆసుపత్రులు చీకలేని పసికందులకు తల్లిపాలు పడుతున్నాయి. మరిగించి శుభ్రం చేయడం సీసా కన్నా సులువు. మా చెల్లెలు అటక మీదనుంచి తన పుట్టింటి వెండి గిన్నె దింపింది. ఐదో రోజుకు పాలు దిగాయి. డబ్బా పాలు పూర్తిగా మానడానికి మరో రెండు వారాలు పట్టింది.

ఇది ఒక్క ఇంటి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు దేశంలో 41.8 శాతమే. మా పిల్లకు కోత తప్పనిసరి. కానీ తిథీ నక్షత్రమూ చూసి, నొప్పులు రాకముందే కోయించుకునేవారి మాటేమిటి? వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండేదాకా ఆగమన్నది వైద్యులు ఎరిగిన నియమమే. పుట్టుక ఘడియకు పంచాంగం చూసేవారు తరువాతి గంటను ఎవరికి వదిలేస్తున్నారు? నడుముకు మత్తుమందు ఇస్తే తల్లి మేలుకునే ఉంటుంది. ఆ గంటలోనే బిడ్డను రొమ్ముకు అందించవచ్చు.

డబ్బా పాల ప్రకటనలనూ ఉచిత నమూనాలనూ నిషేధించిన చట్టం 1992 నుంచి ఉంది, 2003లో మరింత బిగించారు. 2016లో 'మా' పేరిట కేంద్ర కార్యక్రమమూ వచ్చింది. గోడ మీద బొమ్మలకు కొదవ లేదు. మంచం పక్కన కూర్చునే మనిషికే కొదవ. ఎముక విరిగితే మావాళ్ళు పుత్తూరు కట్టుకు పరుగెత్తేది చేతివాటం మీద నమ్మకంతోనే గదా. పాలివ్వడం నేర్పడమూ అలాంటి చేతివిద్యే. దానికి ప్రతి కాన్పుల వార్డులోనూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించాలి, రాత్రిపూట కూడా. మత్తుమందు ఇచ్చినవారి రుసుము బిల్లులో ఉన్నట్టే ఆమె జీతమూ అందులో ఉండనీయండి, గొణుక్కోకుండా కడతాము.

తల్లికి నిజంగానే పాలు చాలని సందర్భాలు ఉంటాయి. వాళ్ళను ఎవరూ నిందించకూడదు. మా ఊరి గుడిలోని వేణుగోపాలుడు కూడా దేవకి కంటే యశోద పెంచినవాడే. ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే తల్లిపాల నిధి వెలిసింది. హైదరాబాదు నీలోఫర్‌లో 2017లో వచ్చింది. డబ్బా కన్నా ముందు ఆ దారి వెదకవచ్చునని చెప్పేవారైనా ఉండాలి.

మా గిన్నె ఇప్పుడు ఇంట్లో లేదు. పై వీధిలో 35 వారాలకే పుట్టిన మగబిడ్డ ఉన్నాడని నర్సమ్మ పట్టుకుపోయింది.